బక్కమ్మ బోణీ

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చెప్పలేదని కాదు, చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. మా అమ్మ మాత్రం అడిగినవాళ్లందరికీ "మా ఇందు మిషన్లను నిద్ర లేపుతది" అని చెబుతుంది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే, నా పని గురించి అంతకన్నా సరిగ్గా నేను కూడా చెప్పలేనని తేలి ఊరుకున్నాను.

హనుమకొండ నక్కలగుట్టలో, కళ్ళద్దాల దుకాణం పైన మా ఆఫీసు. కిరాణా దుకాణాలకు బిల్లింగ్ మిషన్లు తయారు చేస్తాం. తెర, బిల్లు కొట్టే ప్రింటరు, స్కానరు, సరుకు జోకే కాంటా, అన్నీ ఒకే పెట్టెకు తగిలించి ఉంటాయి. స్విచ్ వేయగానే ఆ పెట్టెలో అందరికన్నా ముందు లేచేది కెర్నెల్. అంటే లోపలి పెత్తనమంతా చేసే ప్రోగ్రాం. అది లేచి ఒక్కొక్క పరికరాన్నీ పేరు పెట్టి పిలిచి, ఉన్నావా, పనికి సిద్ధమేనా అని అడుగుతుంది. బళ్ళో పంతులు హాజరు పిలిచినట్టే. ఒకడు పలికాకే రెండోవాడి పేరు. మధ్యలో ఎవడైనా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడంటే, వాడు పలికేదాకా తరగతంతా ఆగాలి. ఆ ఆగడాన్ని తగ్గించడమే నా కొలువు.

మా మిషన్ స్విచ్ వేసి, చాయ్ గ్లాసు అందుకుని, ఊది ఒక గుక్క తాగేలోపు తెర వెలిగి బిల్లుకు తయారుగా ఉంటుంది. అందుకు నాకు గర్వం. గర్వం లేదని చెప్పే ఇంజనీరును నేను నమ్మను.

ఆ సోమవారం పొద్దున నా గర్వం మీద నీళ్ళు పోస్తూ కమలక్క ఫోన్ చేసింది.

"ఇందూ, నీ మిషన్ నా కొంప ముంచుతాంది."

కమలక్క మా పెద్దనాన్న కూతురు. కాశిబుగ్గలో కిరాణా దుకాణం ఉన్న ఇంటికి కోడలిగా వెళ్ళింది. బీకాం చదివింది. లెక్క నోటితో చెబుతుంటే వినేవాళ్ళకే తల తిరుగుతుంది. అలాంటి మనిషి పెళ్ళయిన నాటి నుంచీ దుకాణం వెనక గదిలో పప్పులు పొట్లాలు కడుతూ కూర్చుంది. గల్లా మీద మాత్రం ఆమె మామగారు లింగమూర్తి గారే. చెడ్డవాడు కాదు, కోడలిని ఒక్క మాట అనడు. అయితే గల్లా పెట్టె ముందున్న ఆ పరుపు మీద ఇంకొకరు కూర్చోవడమనే సంగతి ఆయనకు తట్టనే లేదు.

మా బావ గోపాల్ రఘునాథపల్లిలో ఎరువుల దుకాణం పెట్టాక, లింగమూర్తి గారికి మోకాళ్ళు పట్టేశాక, కమలక్క నోరు తెరిచి అడిగేసింది. "మామయ్యా, గల్లా మీద నేను కూసుంట." ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని సరేనన్నాడు. ఆమె కూర్చోగానే చేసిన మొదటి పని మా మిషన్ తెప్పించడం. అంటే, ఆ మిషన్ బాగోగుల మీద ఆమె పరుపు నిలబడి ఉంది.

"ఏమైందక్కా?"

"ఏమైందా? పొద్దుగాల స్విచ్ వేస్తే లేస్తలేదు. మీ కంపెనీ బొమ్మ ఒక్కటి చూపెట్టుకుంట కూసుంటది. అంతల బక్కమ్మ ఎదురుంగ కట్టయ్య దుకాణానికి పోయింది. బోణీ పాయె!"

బక్కమ్మ ఎవరో చెప్పాలి. మిల్లు రోడ్డు మూల మీద మిర్చీలు, సర్వపిండి వేసి అమ్ముతుంది. లింగమూర్తి గారు షట్టర్ ఎత్తేసరికి మెట్టు మీద సంచితో నిలబడి ఉంటుంది. శనగపిండి, బియ్యప్పిండి, నూనె తీసుకుని పరుగున పోవాలి, ఆలస్యమైతే మిల్లు కార్మికులు ఇంకో బండి దగ్గర తినేస్తారు. ఆమె చెయ్యి మంచిదని లింగమూర్తి గారి నమ్మకం. బక్కమ్మ బోణీ చేసిన రోజు అన్నం తినే తీరిక కూడా దొరకదని, బక్కమ్మ రాని రోజు దుకాణంలో ఈగలే బేరమాడతాయని ఆయన చెబుతాడు. నవ్వకండి. నేనూ దుకాణదారుల ఇంటి పిల్లనే, బోణీ మాట వస్తే నాకూ నవ్వు రాదు.

"మామయ్య ఏమంటాన్రు?"

అక్క గొంతు తగ్గించింది. "శుక్రారం దాక చూస్తడట. శుక్రారం గూడ గిట్లనే అయితే అటక మీది పాత తరాజు కిందికి దించుతడట. గల్లా మీద ఆయనే కూసుంటడట. కోపంతోని అంటలేను బిడ్డా అన్నడు. కోపం చేసినా బాగుండు."

నాకు అర్థమైంది. పాత తరాజు దిగితే మిషన్ అటకెక్కుతుంది. మిషన్ అటకెక్కితే అక్క వెనక గదిలో పప్పు పొట్లాల దగ్గరికి వెళుతుంది. ఇక ఆ జన్మకు మళ్ళీ అడగదు.

ఇంకో విషయం కూడా కనుక్కున్నాను. మిషన్ వచ్చిన కొత్తలో బోణీ ఒక్కటి పాత తరాజు మీదే జోకేవారు. బోణీ అయ్యాకే మిషన్ స్విచ్ వేసేవారు. అప్పుడంతా బాగానే ఉంది. రెండు కాంటాలెందుకని అక్కే పోరి, పాత తరాజును బట్టలో చుట్టి అటక మీద పెట్టించింది. గొడవ ఆ మర్నాటి నుంచే మొదలైంది. ఈ ముక్క నా చెవిలో పడింది, బుర్రలోకి మాత్రం పోలేదు.

ఆఫీసులో అదే రకం మిషన్ బల్ల మీద పెట్టి స్విచ్ వేశాను. ఒక్క గుక్క చాయ్, తెర వెలిగింది. మళ్ళీ వేశాను, మళ్ళీ వెలిగింది. కుమారస్వామి సార్, అంటే మా కంపెనీ ఓనరు, నా వెనక నిలబడి చూసి "మంచిగనే ఉన్నది గదమ్మా" అన్నాడు. ఆ మాట మా వృత్తి మొత్తానికీ జాతీయగీతం. మా దగ్గర ఎప్పుడూ మంచిగానే ఉంటుంది.

అక్కకు ఫోన్ చేసి డాక్టరులా ఒక్కొక్కటీ అడిగాను. వైర్లు ఊడాయా, కరెంటు తక్కువగా వస్తోందా, ప్రింటర్లో కాగితం ఉందా. అన్నిటికీ సరిగ్గానే చెప్పింది. మా మిషన్లో కాంటా లేవగానే తనను తాను సున్నా చేసుకుంటుంది. దాని పళ్ళెం ఖాళీగా ఉండాలి. అందుకని అదీ అడిగాను.

"స్విచ్ వేసేటప్పుడు కాంటా మీద ఏమన్న ఉంటాందా అక్కా?"

"ఏం లేదే. తుడిచి పెడ్తం. బోణీ గాక ముందు దాని మీద ఏం పెట్టం."

అంత గట్టిగా చెప్పాక ఇంకేం అడుగుతాం? కాంటాను వదిలేసి మిగతావాటి మీద పడ్డాను. ప్రింటర్ దగ్గర కాస్త ఆగుతోంది, తగ్గించాను. ఎవరూ వాడని వేలిముద్ర పరికరం కోసం వెతుకుతోంది, ఆ వెతుకులాట తీసేశాను. బుధవారం మధ్యాహ్నం కాశిబుగ్గ వెళ్ళి కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. స్విచ్ వేస్తే అక్క చాయ్ గ్లాసు అందుకునేలోపే తెర వెలిగింది. అక్క చప్పట్లు కొట్టింది. లింగమూర్తి గారు కూడా కళ్ళజోడు సర్దుకుని "జల్ది లేస్తాంది" అన్నాడు. ఆ ఇంట్లో పచ్చిపులుసు, పప్పు, కందిపొడి వేసుకుని కడుపు నిండా తిని, ఏదో ఘనకార్యం చేసినట్టు ఆటోలో ఇంటికి వచ్చాను.

గురువారం పొద్దున అక్క ఫోన్. ఈసారి తిట్టలేదు. అదే నన్ను భయపెట్టింది.

"మళ్ల లేవలేదు ఇందూ. బక్కమ్మ జరసేపు చూసింది. ఏం కోడలా, మీ మిషన్ ఇంక పండుకున్నదా అని అడిగి, కట్టయ్య తానకు పోయింది. మామయ్య నిచ్చెన తెచ్చి అటక కింద పెట్టిండు."

ఆఫీసుకు వెళ్ళకుండా నేరుగా కాశిబుగ్గ వెళ్ళాను. వెళ్ళేసరికి మిషన్ నిక్షేపంలా పని చేస్తోంది. స్విచ్ తీసి వేసి చూశాను. టక్కున లేచింది. నాకు ఏడుపొచ్చింది. పగలంతా లేచే మిషన్ పొద్దున మాత్రం ఎందుకు లేవదు? దానికి పొద్దూ మాపూ ఏం తెలుసు?

"అక్కా, పొద్దుగాల దుకాణం ఎట్ల తెరుస్తరో ఇప్పుడు మళ్ల అట్లనే తెరువుండ్రి. మొత్తం మొదటికెల్లి."

"అంటే షట్టర్ గుంజాల్నా? పట్టపగలా?" అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఆమె భయం తప్పు కాదు. మా వైపు పట్టపగలు దుకాణం షట్టర్ పడిందంటే ఇంట్లో ఎవరో పోయినట్టే. లింగమూర్తి గారు ససేమిరా అన్నాడు. నేను బతిమాలాను. చివరికి సగం షట్టర్‌కు ఒప్పుకున్నాడు. సగం దించేసరికే చుట్టుపక్కల మగ్గాల ఇళ్ళ నుంచి ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకొచ్చి, "ఏమైంది సేటూ, ఎవరికేమైంది?" అని ఆదుర్దాగా వంగి చూశారు. రోడ్డవతల కట్టయ్య కూడా గల్లా దిగి వచ్చి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎవ్వలు పోలే, మా మిషన్‌కు పానం బాగలేదు" అని లింగమూర్తి గారు అందరికీ సమాధానం చెప్పి పంపేసరికి తాతలు దిగొచ్చారు.

మెయిన్ స్విచ్ తీశారు. ఆయనకు రాత్రి మెయిన్ తీయకుండా దుకాణం కట్టేసే అలవాటు లేదు, అందుకే మిషన్ రోజూ కొత్తగా లేవాల్సి వస్తుంది. తర్వాత షట్టర్ ఎత్తారు. అక్క మెట్ల మీద నీళ్ళు చల్లింది. మెయిన్ వేసింది. పటం దగ్గర అగరుబత్తి పెట్టింది. మిషన్ స్విచ్ వేసింది.

టక్కున లేచింది.

నేను బియ్యం బస్తా మీద కూలబడ్డాను. అక్క నా పక్కన కూలబడింది. లింగమూర్తి గారొక్కరే నిలబడి ఉన్నాడు, ఆయన మొహంలో ఏదో నచ్చనట్టు ఉంది. ఆయనకు పూజైనా పెళ్ళైనా సగం చేసి వదిలేయడం గిట్టదు.

"మొత్తం మొదటికెల్లి అంటివి గద బిడ్డా? మరి బెల్లమేది?"

"బెల్లమేంది మామయ్యా?" అన్నాను.

ఆయన వెనక్కి వెళ్ళి, డబ్బాలోంచి పిడికెడంత బెల్లం గడ్డ తెచ్చి, కళ్ళకద్దుకుని, కాంటా పళ్ళెం మధ్యలో పెట్టాడు. "రాత్రి దుకాణం కట్టేటప్పుడు పెట్టాలె. తరాజు ఖాళీ కడుపుతోని పండుకోవద్దు. మా నాయిన నుంచి గదే పద్ధతి." మెయిన్ మళ్ళీ తీసి వేయించాడు. అక్క మిషన్ స్విచ్ వేసింది.

మా కంపెనీ బొమ్మ వచ్చింది. అలాగే ఉండిపోయింది. చాయ్ గుక్క కాదు, చాయ్ చల్లారి మీగడ కట్టేంతసేపు ఉండిపోయింది.

నవ్వాలో ఏడవాలో తెలియక నేను అక్క వైపు తిరిగాను. "కాంటా మీద ఏం లేదంటివి గదక్కా!"

అక్క నన్ను విడ్డూరంగా చూసింది. "ఏమున్నదే? అది బెల్లం గద!"

"బెల్లం బరువుండదా?"

"దేవుని బెల్లమే!" అంది అక్క, ఇంకా అర్థం కాక. తర్వాత నెమ్మదిగా అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమెను ఏమని అంటాను? మా తాత దుకాణంలో కూడా తరాజు మీద రాత్రి బెల్లం ఉండేది. నా చిన్నప్పుడు ఎవరైనా వచ్చి, తరాజు మీద ఏమైనా ఉందా పాపా అని అడిగితే, నేనూ ఏం లేదనే చెప్పేదాన్ని. పాత తరాజు అటకెక్కిన రోజు బెల్లం కొత్త కాంటా మీదికి మారింది. ఆ సంగతి చెప్పాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు, అడగాలని నాకు తోచలేదు.

అప్పుడు చిక్కుముడి మొత్తం కళ్ళ ముందు విడిపోయింది. పొద్దున బెల్లం ఎప్పుడు తీస్తారని అడిగాను. బోణీ బేరం వచ్చాక, సరుకు జోకే ముందు గడ్డ తీసి, ఒక చిన్న పలుకు విరిచి బోణీ చేసినవాళ్ళ చేతిలో పెడతారు. అంటే, బోణీ బేరం మొదలైతే గానీ బెల్లం దిగదు. బెల్లం దిగితే గానీ కాంటా సున్నా కాదు. కాంటా సిద్ధమన్నాక గానీ కెర్నెల్ ఇంకో పరికరాన్ని పిలవదు, తెర వెలగదు. తెర వెలిగితే గానీ బోణీ బేరం మొదలు కాదు. ఒకరి కోసం ఒకరు మర్యాదగా ఆగి నిలబడ్డారు, మధ్యలో బక్కమ్మ ఒక్కతే ఆగలేక రోడ్డు దాటింది. చివరికి కెర్నెల్ విసిగి కాంటాను వదిలేసి ముందుకు పోతోంది, కానీ అప్పటికి మిర్చీ బండి దగ్గర నూనె కాగుతోంది.

కుమారస్వామి సార్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి ఆనందంగా చెప్పాను. ఆయన పెద్దగా నవ్వాడు. "ఇంతేనా? స్విచ్ వేసేముందు బెల్లం తియ్యమని చెప్పు. ఒక్క మాటతోని పని ఒడిసిపాయె."

లింగమూర్తి గారు అటక వైపు చూశాడు. "మిషన్ కోసమైతే తీస్త బిడ్డా," అన్నాడు మెల్లగా. "దానికేముంది. గానీ బెల్లం లేని కాంటా మీద బోణీ చెయ్య. పాత తరాజు దించుకుంట. మీరేం ఫికర్ పెట్టుకోకుండ్రి."

అక్క పరుపు అంచు దారాలు లాగుతూ తల వంచుకుంది. అది చూసేసరికి నాకు తిక్క రేగింది. మామగారి మీద కాదు, కోడలి మీద కాదు, మా సార్ నవ్వు మీద.

"ఒడవలేదు సార్," అన్నాను. "ఒక్క కాంటా పలకకపోతే దుకాణమంత నిలబడాల్నా? తెర ఏం జేసింది, ప్రింటర్ ఏం జేసింది? తప్పు బెల్లంది గాదు, మనది. రేపు పొద్దుగాలకు మారుస్త." ఆయన ఇంకేదో అంటుండగానే ఫోన్ పెట్టేశాను. తర్వాత క్షమాపణ చెప్పుకోవచ్చు, చెప్పుకున్నాను కూడా.

బస్తాల మధ్య, ఫ్యాన్ కింద, లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ముందు దగ్గరిదారి చూశాను. పళ్ళెం మీద ఏముంటే దాన్నే సున్నా అనుకోమని కాంటాకు చెప్పాను. తెర వెంటనే వెలిగింది. బెల్లం తీయగానే ఖాళీ పళ్ళేనికి కాంటా మైనస్ అంకె చూపించింది. ఆ లెక్కన చక్కెర జోకితే బెల్లం గడ్డంత చక్కెర ఎక్కువ పోతుంది. లింగమూర్తి గారు ఆ అంకెను చూసి మొహం చిట్లించాడు.

"ఎక్కువ పోయినా తక్కువ పోయినా అది తప్పు జోకుడే బిడ్డా."

నిజమే. ఆ మార్పు కొట్టేశాను. ఇక దొడ్డిదారి లేదు, పని చేయాల్సిందే. హాజరు పిలిచే పద్ధతినే మార్చాను. కాంటాను పిలవాలి, అది పలకకపోతే దాని పేరు పక్కన పెట్టి, మిగతావాళ్ళను పిలుచుకుంటూ పోవాలి. కాంటా తన మూల తాను కూర్చుని పళ్ళెం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూసుకుంటుంది. ఖాళీ అయిన క్షణం సున్నా చేసుకుని, వచ్చానని చెబుతుంది. అందాకా తెర మీద 'కాంటా ఆగింది' అని కనిపించాలి, ఆ మాట ఉన్నంతసేపూ బిల్లులో బరువు పడకూడదు. చెప్పడానికి ఇంతే. చేస్తే, ప్రింటర్ ముందు లేచినా తెర ముందు లేచినా ఒకదాన్నొకటి తొక్కుకోకుండా చూసుకోవడానికి సాయంత్రమైంది. ఆ పనిలో మునిగినప్పుడు నాకు ఎంత సుఖంగా ఉంటుందో మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు.

అక్క డబ్బాలోంచి తీసి ఇచ్చిన ఇంకో బెల్లం గడ్డను రుమాలులో చుట్టుకుని ఆఫీసుకు వెళ్ళి అక్కడి మిషన్ మీద కూడా పరీక్షించాను. గడ్డ పెట్టి స్విచ్ వేయడం, గడ్డ తీయడం, మళ్ళీ పెట్టడం. చూడవచ్చినవాళ్ళంతా ఒక్కో పలుకు విరుచుకు తిన్నారు. సార్ అందరికన్నా పెద్ద పలుకు తిని, "బాగున్నదమ్మా" అన్నాడు. మిషన్ గురించో బెల్లం గురించో నేను అడగలేదు. దుకాణం కట్టే వేళకు కాశిబుగ్గ చేరి, కొత్త ప్రోగ్రాం ఎక్కించి వచ్చాను.

శుక్రవారం మొదటి ఆటో పట్టుకుని వెళ్ళాను. లింగమూర్తి గారు షట్టర్ ఎత్తుతున్నాడు. మెట్టు మీద బక్కమ్మ లేదు.

అక్క మొహంలో రక్తం లేదు. నీళ్ళు చల్లింది. మెయిన్ వేసింది. అగరుబత్తి వెలిగించింది. నిచ్చెన ఇంకా అటక కిందే ఉంది. కాంటా మీద బెల్లం గడ్డ కూర్చుని ఉంది. పరుపు మీద కూర్చుని, దండం పెట్టుకుని, స్విచ్ వేసింది.

బొమ్మ వచ్చింది, పోయింది. తెర వెలిగింది. కింద ఒక మూల 'కాంటా ఆగింది' అని చిన్న అక్షరాలు. ప్రింటర్ గుర్రుమని ఒక్కసారి గొంతు సవరించుకుంది. నేను ఊపిరి వదిలాను. కానీ మిషన్ లేచి ఏం లాభం, బోణీ చేసే మనిషి రావాలిగా?

వచ్చింది. సంచి ఊపుకుంటూ రోడ్డు మధ్యదాకా వచ్చి ఆగింది. ఒక వైపు కట్టయ్య దుకాణం, ఒక వైపు మాది. బోణీ బేరాన్ని పిలవకూడదు. పిలిచి చేయించుకున్న బోణీ బోణీ కాదు. అందుకని ముగ్గురం రాళ్ళలా నిలబడ్డాం. నాకైతే వెళ్ళి ఆమె సంచి పట్టుకుని లాక్కురావాలనిపించింది.

బక్కమ్మ అక్కడి నుంచే మెడ సాచి చూసింది. "ఏం కోడలా, లేచిందా మీ మిషన్?"

"లేచింది," అంది అక్క. అంతకుమించి ఒక్క అక్షరం అనలేదు.

బక్కమ్మ మెట్టెక్కింది. "కిలో శనగపిండి. జర జల్ది."

అక్క తెర మీద శనగపిండి నొక్కింది. డబ్బాలోంచి పిండి తీసి పట్టుకుంది. కాంటా మీద బెల్లం అలాగే ఉంది. ఆ గడ్డ పెట్టేదీ తీసేదీ లింగమూర్తి గారే. అక్క గల్లా మీదికి వచ్చాక కూడా దాన్ని ఆయనే తీసేవాడు, ఆమె ముట్టుకునేది కాదు. ఇప్పుడు ఆయన చక్కెర బస్తా పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కదలడు. తెర మూల 'కాంటా ఆగింది' అని ఇంకా కనిపిస్తోంది. బక్కమ్మ ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారింది. మిషన్‌లో నేను విప్పిన ముడి దుకాణంలో మళ్ళీ పడిందా?

"మామయ్యా," అంది అక్క, "బెల్లం..."

"నన్నేం జూస్తానవ్ బిడ్డా?" అన్నాడు ఆయన. "గల్లా మీద కూసున్నోళ్లే తియ్యాలె గద. తియ్యి."

అక్కకు వెంటనే అర్థం కాలేదు. నాకు అర్థమైంది, అందుకే నా కళ్ళు ముందు నిండాయి. ఆమె పిండి పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, తుడిచిన చేతుల్ని మళ్ళీ తుడుచుకుని, గడ్డను రెండు చేతులతో ఎత్తింది. పళ్ళెం ఖాళీ అయింది. కాంటా సున్నా చూపించింది. మూలనున్న చిన్న అక్షరాలు పోయాయి.

అక్క ఒక పలుకు విరిచి బక్కమ్మ చేతిలో పెట్టింది. ఏడుస్తూనే పిండి జోకింది, ఏడుస్తూనే నూనె ప్యాకెట్లు తీసింది. ప్రింటర్ బిల్లు కొట్టింది. బక్కమ్మ బెల్లం పలుకు నోట్లో వేసుకుని, ఆ కన్నీళ్ళనూ, బస్తా పక్కన ముక్కు తుడుచుకుంటున్న నన్నూ, నిచ్చెన భుజానికెత్తుకుని వెనక గదిలోకి పోతున్న లింగమూర్తి గారినీ ఒకసారి చూసింది. ఏమనుకుందో ఏమో, సంచి ముందుకు చాపింది.

"బియ్యప్పిండి గూడ జోకు సేటమ్మా. పొద్దు పోతాంది."

అక్క బియ్యప్పిండి జోకింది.